ఐఈఎల్‌టీఎస్‌లో బ్యాండ్ ఎక్కడ తగ్గుతోంది: తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐఈఎల్‌టీఎస్‌కి కూర్చునే మన పిల్లల్ని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. విదేశాల్లో చదువుకో వలసకో అడిగే ఈ ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు ఉంటాయి. ఒక్కోదానికి 9కి వేసే స్కోరే బ్యాండ్. ఇంగ్లీషు అసలు రాక తక్కువ బ్యాండ్ తెచ్చుకున్నవాళ్ళు కొందరే. వచ్చి కూడా పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. ప్రశ్న సగమే చదివి జవాబు రాయడం వల్ల కొన్ని మార్కులు పోతాయి. ఇంగ్లీషు వాక్యం కింద తెలుగు వాక్యం కదలడం వల్ల ఇంకొన్ని పోతాయి. ఈ రెండో రకం తప్పుల గురించి బయటి దేశాల్లో అచ్చయ్యే గైడ్లు పెద్దగా చెప్పవు. అందుకే ఇక్కడ వాటి దగ్గర ఎక్కువసేపు ఆగాను.

నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు మీడియం వాళ్ళకంటే నాకు తక్కువే వస్తుందా?

అలా ముందే అనుకోవద్దు. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు టెన్సులు, వాయిస్ లాంటివి రూల్స్‌తో సహా తెలిసి ఉంటాయి. వాళ్ళకు లోటల్లా వినడం, మాట్లాడడం. అది రోజూ గంటసేపు చేస్తే కొన్ని నెలల్లో దారికొస్తుంది. ఇంగ్లీషు మీడియం వాళ్ళు గడగడా మాట్లాడతారు, కానీ "ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్" అని పన్నెండేళ్ళు క్లాసులో చెప్పిన నోటిని తిప్పుకోవడం వాళ్ళకు అంతకంటే కష్టం. ఎవరి ఇబ్బంది వాళ్ళది.

పరీక్ష బుక్ చేసేటప్పుడే చేసే తప్పులేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. అవి డబ్బుతో పాటు నెలల్ని కూడా తినేస్తాయి. అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండు రకాలున్నాయి. యూనివర్సిటీలో చదువుకైతే అకడమిక్. కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలకు వలస వెళ్ళడానికి మామూలుగా జనరల్ అడుగుతారు. యూకే వీసాల్లో కొన్నింటికి మామూలు ఐఈఎల్‌టీఎస్ చాలదు, 'యూకేవీఐ' (యూకే వీసా విభాగం) అని ఉన్నదే రాయాలి. మీకు ఏది కావాలో కోచింగ్ సెంటర్లో కాదు, మీరు చేరబోయే యూనివర్సిటీ వెబ్‌సైట్లో, ఆ దేశపు వీసా పేజీలో చూసి బుక్ చేయండి.

ఇంకోటి పేరు. మనకు ఇంటిపేరు ఒక సర్టిఫికెట్‌లో ముందు, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా, మూడోదాంట్లో అసలు లేకుండా ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే నింపండి. పరీక్ష రోజు చూసేది ఆ పాస్‌పోర్టునే.

సినిమాలు సబ్‌టైటిల్స్ లేకుండా చూస్తాను. అయినా లిజనింగ్‌లో 6 దాటడం లేదు. ఎందుకు?

సినిమాలో కథ అర్థమైతే చాలు. ఇక్కడ విన్న మాటను తప్పు లేకుండా కాగితం మీద పెట్టాలి. నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వస్తుంది. 40కి సుమారు 23 సరిగా వస్తే 6, సుమారు 30 వస్తే 7. అంటే ఒక బ్యాండ్‌కీ ఇంకో బ్యాండ్‌కీ మధ్య ఉన్నవి ఏడు జవాబులు. ఒక మాక్ టెస్ట్ రాసి, తప్పు పోయిన జవాబుల్ని తీసి చూడండి. వాటిలో మూడో నాలుగో మీకు వినపడినవే ఉంటాయి.

ఎక్కువగా పోయేది మాట చివర వచ్చే 'ఎస్'. 'టికెట్స్' అని రాయాల్సినచోట 'టికెట్' రాస్తే ఆ మార్కు రాదు. చెవికి అందకపోయినా, ఖాళీకి ముందున్న మాట చూస్తే తెలిసిపోతుంది. ముందు 'ఎ' ఉంటే ఒకటే, 'మెనీ' ఉంటే చాలా. అందుకే ఆడియో మొదలయ్యేలోపు ఇచ్చే కొద్ది సెకన్లలో ప్రశ్నలు చదివి, ఖాళీలో రాబోయేది పేరా, అంకెనా, ఒకటా, చాలానా అని ఊహించుకోండి.

తర్వాతది తొందర. ఫోన్లో మాట్లాడే మనిషి "మంగళవారం వస్తాను" అంటాడు, వెంటనే "ఆ రోజు కుదరదు, బుధవారం" అంటాడు. మొదటిది వినగానే రాసేసి పెన్ను కింద పెట్టినవాళ్ళు దొరికిపోతారు. ఇది కావాలని పెట్టే వల. మాట పూర్తయ్యేదాకా ఆగండి.

అంకెల్లో 13, 30 లాంటి జంటలు ఇబ్బంది పెడతాయి. 'థర్టీన్'లో బరువు చివర, 'థర్టీ'లో మొదట పడుతుంది. స్పెల్లింగ్ చెప్పినప్పుడు 'జీ'కీ 'జే'కీ, 'ఏ'కీ 'ఈ'కీ 'ఐ'కీ తేడా పట్టుకోవడానికి ఇంట్లో ఎవరినైనా ఇంగ్లీషు ఇంటిపేర్లు అక్షరాలుగా చదవమని, వింటూ రాయండి. వారం రోజులు చేస్తే చాలు.

'రెండు మాటలకు మించకుండా రాయండి' అని ఉన్నచోట మూడు రాస్తే, అందులో సరైన జవాబు ఉన్నా మార్కు లేదు. ముందు 'ద' తగిలించినా అదీ ఒక మాటే.

స్పెల్లింగ్ బ్రిటిష్‌లో రాయాలా, అమెరికన్‌లో రాయాలా?

రెండూ ఒప్పుకుంటారు. రైటింగ్‌లో మాత్రం ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయండి.

జవాబు తెలియకపోతే ఖాళీ వదిలేయాలా?

వద్దు. ఎంసెట్ లాగే ఇక్కడా నెగెటివ్ మార్కులు లేవు. ఏదో ఒకటి రాయండి.

రీడింగ్‌లో మూడో పాసేజీకి వచ్చేసరికి టైం అయిపోతోంది. ఏం చేయాలి?

60 నిమిషాలు, 40 ప్రశ్నలు. అకడమిక్‌లో అయితే మూడు పెద్ద పాసేజీలు. కాగితం మీద రాసే పరీక్ష ఉన్నచోట లిజనింగ్ తర్వాత జవాబులు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు ఇస్తారు. రీడింగ్‌కి అలా ఇవ్వరు. ఇది తెలియక జవాబుల్ని ప్రశ్నపత్రం మీదే రాసుకుని, చివరికి షీట్ ఖాళీగా ఇచ్చినవాళ్ళున్నారు. వెంటవెంటనే షీట్‌లో రాయండి.

మనం స్కూల్లో పాఠాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా, తెలియని మాట దగ్గర ఆగి మరీ చదివాం. ఆ అలవాటే ఇక్కడ కాలం తినేస్తుంది. పాసేజీ ముందు ఒకసారి పైపైన చూసి ఏ పేరాలో ఏముందో పట్టుకోండి. తర్వాత ప్రశ్న చదివి, ఆ చోటికి వెళ్ళి, అక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి. ఒకే ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు కూర్చోవద్దు. కష్టమైనదానికీ తేలికైనదానికీ మార్కు ఒకటే.

ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ నాకు ఎప్పుడూ తారుమారవుతాయి.

చాలామందికి అవుతాయి. తేడా ఒక ఉదాహరణతో చూద్దాం. పాసేజీలో 'ఈ ఊరి గ్రంథాలయాన్ని 1925లో కట్టారు' అని ఉంది. ప్రశ్నలో 'ఈ గ్రంథాలయం స్వాతంత్ర్యం వచ్చాక కట్టింది' అని ఉంటే అది ఫాల్స్. ఎందుకంటే పాసేజీలో ఉన్న మాటే దాన్ని కాదంటోంది. 'దీన్ని ఊరివాళ్ళు చందాలు వేసుకుని కట్టారు' అని ఉంటే నాట్ గివెన్. అది నిజం కావచ్చు, కాకపోవచ్చు. మన ఊళ్ళలో చాలా గ్రంథాలయాలు అలాగే వచ్చాయని మీకు తెలిసినా సరే, పాసేజీ ఆ మాట ఎత్తలేదు. మీ జ్ఞానాన్ని అక్కడ పక్కన పెట్టాలి.

నేను పిల్లలకు చెప్పేది ఇదే: ఫాల్స్ అని పెట్టేముందు, దాన్ని కాదంటున్న వాక్యం మీద వేలు పెట్టండి. వేలు పెట్టడానికి చోటు దొరక్కపోతే అది నాట్ గివెన్.

రైటింగ్‌లో ఎన్నిసార్లు రాసినా 6 దగ్గరే ఆగిపోతున్నాను. తప్పెక్కడ?

గంటలో రెండు రాయాలి. టాస్క్ 1కి (అకడమిక్‌లో గ్రాఫ్ లాంటిదాని వివరణ, జనరల్‌లో లెటర్) కనీసం 150 మాటలు, టాస్క్ 2కి (వ్యాసం) కనీసం 250. టాస్క్ 2కి రెట్టింపు బరువు. మనవాళ్ళు మొదటిదాన్ని అందంగా దిద్దుతూ అరగంట దాటించి, రెండోదాన్ని పరుగులో ముగిస్తారు. టాస్క్ 1కి 20 నిమిషాలు కాగానే ఎక్కడున్నా ఆపేయండి.

దిద్దేవాళ్ళు నాలుగు విషయాలు చూస్తారు: అడిగినదానికి జవాబిచ్చారా, చెప్పేది ఒక వరసలో ఉందా, మాటల ఎంపిక, వాక్య నిర్మాణం. నాలుగింటికీ సమాన విలువ. మనం కష్టపడేది చివరి రెండింటి మీద, ఎక్కువగా పోగొట్టుకునేది మొదటిదాంట్లో. 'రెండు వైపుల వాదనల్నీ చర్చించి, మీ అభిప్రాయం చెప్పండి' అని అడిగితే, రెండు వైపులా రాసి అభిప్రాయం మర్చిపోతారు. లేదా 'నగరాల్లో ట్రాఫిక్ తగ్గించడానికి కార్ల మీద పన్ను పెంచడమే మంచి మార్గమా' అని అడిగితే, ట్రాఫిక్ అనే మాట కనపడగానే ట్రాఫిక్ వల్ల వచ్చే కష్టాలన్నీ రాస్తారు. అడిగింది పన్ను గురించి. రాయడం మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ప్లాన్ వేసుకోండి. ఆ ప్లాన్ తెలుగులో వేసుకున్నా తప్పు లేదు. ఆలోచన తెలుగులో బాగా సాగేవాళ్ళు తెలుగులోనే ఆలోచించాలి. వాక్యాన్ని మాత్రం తెలుగులో పేర్చుకుని మార్చొద్దు.

అకడమిక్ టాస్క్ 1లో గ్రాఫ్ మొత్తం మీద ఏం కనిపిస్తోందో చెప్పే ఒకటి రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. అంకెలన్నీ రాసి, ఆ మాట రాయకపోతే బ్యాండ్ పెరగదు. గ్రాఫ్ ఎందుకలా ఉందో మీ కారణాలు చెప్పొద్దు.

కోచింగ్‌లో ఇచ్చిన టెంప్లేట్ బట్టీ పట్టి రాయొచ్చా?

రాయొద్దని గట్టిగా చెబుతాను. "ఇన్ దిస్ మోడర్న్ ఎరా", "ఎవ్రీ కాయిన్ హాజ్ టూ సైడ్స్" అనే మొదలు ఒకే హాల్లో ఎంతోమంది రాస్తారు. దిద్దేవాళ్ళకు బట్టీ పట్టినది ఇట్టే తెలుస్తుంది, దానికి మార్కులు రావు. పైగా టెంప్లేట్‌లో ఉన్న ఇంగ్లీషు నున్నగా ఉండి, మధ్యలో మీరు సొంతంగా రాసిన రెండు వాక్యాలు తడబడితే ఆ తేడా ఇంకా బయటపడుతుంది. నిఘంటువులోంచి ఏరుకొచ్చిన పెద్ద మాటల సంగతీ అంతే. మీరు మాట్లాడేటప్పుడు ఒక్కసారీ వాడని మాటను పరీక్షలో మొదటిసారి వాడకండి.

టాస్క్ 1లో లక్షలు, కోట్లు రాయొచ్చా?

వద్దు. కామా కూడా వాళ్ళ పద్ధతిలోనే పెట్టాలి. మనం 1,50,000 అని రాసేది వాళ్ళు 150,000 అని రాస్తారు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు.

జనరల్‌లో లెటర్ రాయాలి కదా. స్కూల్లో నేర్చుకున్న పద్ధతి సరిపోతుందా?

సరిపోదు. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" లీవ్ లెటర్ మన చేతికి ఎంత అలవాటంటే, "రెస్పెక్టెడ్ సర్", "ఐ బెగ్ టు స్టేట్", "థాంకింగ్ యు సర్", "యువర్స్ ఒబీడియెంట్లీ" వాటంతట అవే వచ్చేస్తాయి. ఇవి ఇక్కడ వద్దు. తెలియని అధికారికి రాస్తే "డియర్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ముగించండి. ఫ్రెండ్‌కి రాసే లెటర్‌ని ఫ్రెండ్‌తో మాట్లాడినట్టే రాయండి. పైన అడ్రస్ అక్కర్లేదు. ప్రశ్నలో మూడు విషయాలు రాయమని ఇస్తారు, మూడూ రావాలి.

నా ఇంగ్లీషులో తెలుగు ఎక్కడెక్కడ బయటపడుతుంది?

ముందుగా 'నుంచి'. 'రెండేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను', '2022 నుంచి ఉంటున్నాను' అంటాం. తెలుగులో రెండుచోట్లా ఒకటే మాట. ఇంగ్లీషులో ఎంతకాలమో చెప్పేటప్పుడు 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు 'సిన్స్'. మనవాళ్ళు రెండుచోట్లా 'సిన్స్' వేసి, ముందు "ఐ యామ్ లివింగ్" పెడతారు. "ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అనాలి.

తర్వాత 'మా'. మా అమ్మ, మా ఊరు, మా ఇల్లు అనడం మన మర్యాద. అదే అలవాటుతో "అవర్ మదర్" అంటే, మీ పక్కన తోబుట్టువెవరో కూర్చున్నట్టు వినిపిస్తుంది. "మై మదర్" అనండి. మాస్టారి గురించి చెబుతూ 'వాళ్ళు' అనే గౌరవంతో "దే" అనడమూ ఇలాంటిదే. ఇంగ్లీషులో 'హీ', 'షీ' అంటే ఎవరికీ అగౌరవం కాదు.

విభక్తులు మనల్ని బాగా లాగుతాయి. 'దాని గురించి చర్చించాం' కాబట్టి "డిస్కస్డ్ అబౌట్", 'హైదరాబాద్‌కి చేరాం' కాబట్టి "రీచ్డ్ టు", 'గదిలోకి వచ్చాడు' కాబట్టి "ఎంటర్డ్ ఇంటు ద రూమ్". ఈ మూడింటికీ మధ్యలో ఏమీ అక్కర్లేదు. 'అతనితో పెళ్ళయింది' మాత్రం "మ్యారీడ్ విత్" కాదు, "మ్యారీడ్ టు".

తెలుగులో సలహాలు, పరిశోధనలు, సాక్ష్యాలు అని బహువచనం హాయిగా పలుకుతుంది. అందుకే "అడ్వైజెస్", "రీసెర్చెస్", "ఎవిడెన్సెస్" వచ్చేస్తాయి. ఇంగ్లీషులో వీటికి బహువచనం వేయరు. 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్', 'ఎక్విప్‌మెంట్' కూడా ఆ జాబితాలోవే. దీనికి తిరగబడ్డ తప్పు "వన్ ఆఫ్ మై ఫ్రెండ్". 'మా ఫ్రెండ్ ఒకడు' అనే తెలుగులోంచి వచ్చింది. అక్కడ "ఫ్రెండ్స్" అనాలి.

'నిన్న సినిమా చూశాను' అన్నప్పుడు 'ఒక' అక్కర్లేదు మనకు. ఇంగ్లీషులో "ఎ మూవీ" అనకపోతే వాక్యం కుంటుతుంది. వ్యాసాల్లో పదేపదే వచ్చే 'గవర్నమెంట్', 'ఇంటర్నెట్', 'ఎన్విరాన్‌మెంట్' మాటలకు మామూలుగా ముందు 'ద' ఉంటుంది. సాధారణంగా సమాజం, ప్రకృతి అనే అర్థంలో వాడే 'సొసైటీ', 'నేచర్' మాటలకు ఉండదు.

'చిన్న చిన్న ఊళ్ళు' నుంచి "స్మాల్ స్మాల్ విలేజెస్", 'నిన్ననే వచ్చాడు' నుంచి "యెస్టర్‌డే ఓన్లీ హీ కేమ్", 'ఎక్కడున్నాడో తెలీదు' నుంచి "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ" పుడతాయి. చివరిది "వేర్ హీ ఈజ్" అవ్వాలి. "ఆల్దో"తో మొదలుపెట్టిన వాక్యంలో మళ్ళీ "బట్" వద్దు.

ఇవన్నీ ఒకేసారి సరిచేసుకోవాలని కూర్చోకండి. మీరు రాసిన ఐదు వ్యాసాలు ముందు పెట్టుకుని, మీవి అనదగ్గ మూడు తప్పులు ఏరుకోండి. పరీక్షలో చివరి నాలుగు నిమిషాల్లో ఆ మూడింటి కోసమే మళ్ళీ చదవండి. కంప్యూటర్ మీద రాసేవాళ్ళకు మాటల లెక్క తెరమీద కనిపిస్తుంది, స్పెల్లింగ్ తప్పుల్ని మాత్రం అది చూపించదు.

నా యాసకి మార్కులు తగ్గిస్తారా?

తగ్గించరు. మీరు గుంటూరులో పెరిగారో కరీంనగర్‌లో పెరిగారో తెలిసిపోయినా ఏం నష్టం లేదు. ఎదుటి మనిషి శ్రమపడకుండా అర్థం చేసుకోగలగాలి, అంతే. తెచ్చిపెట్టుకున్న అమెరికన్ యాస రెండు నిమిషాలు నిలిచి మూడో నిమిషంలో జారిపోతుంది. దాని జోలికి వెళ్ళకండి.

దిద్దుకోవాల్సినవి కొన్నున్నాయి. 'ఎగ్'ని 'యెగ్' అని, 'ఓల్డ్'ని 'వోల్డ్' అని మన నోరు మలుచుకుంటుంది. హల్లుతో ముగిసే మాటకు చివర 'ఉ' చేర్చి 'బస్సు', 'కారు' అంటాం. 'వాక్ట్', 'హెల్ప్ట్' అని పలకాల్సిన మాటల్ని స్పెల్లింగ్ చూసి 'వాకెడ్', 'హెల్పెడ్' అంటాం. ఈ చివరిదాన్ని మొదట మార్చుకోండి.

క్యూ కార్డు చూడగానే టెన్షన్‌తో మాట ఆగిపోతుంది. ఎలా?

స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. క్యూ కార్డుకి, అంటే మాట్లాడాల్సిన విషయం రాసి ఇచ్చే కార్డుకి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడడానికి రెండు నిమిషాల దాకా ఇస్తారు. ఆ ఒక్క నిమిషంలో వాక్యాలు రాయకండి, ఐదారు మాటలు రాసుకోండి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరిగింది, మీకేమనిపించింది. మీ అమ్మమ్మగారి ఊరి గురించో, మీరు మొదటిసారి రైలెక్కిన రోజు గురించో అయితే మాట కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ ఆపేస్తారు. అది మీ తప్పు వల్ల కాదు, కంగారు పడొద్దు.

మనవాళ్ళ నోట్లో ఆగిన ప్రతిచోటా వచ్చే మాట ఒకటుంది: "మీన్స్". తెలుగు 'అంటే'కి తర్జుమా అది. ఇంగ్లీషువాళ్ళు వాక్యం మొదట్లో అలా వాడరు. దాని బదులు "ఐ మీన్" అనండి, లేదా ఒక్క క్షణం మౌనంగా ఉండండి. మౌనం తప్పు కాదు.

"డోంట్ యు లైక్ టీ?" అని అడిగితే, ఇష్టం లేనివాళ్ళు తెలుగులో 'ఆ, ఇష్టం లేదు' అంటారు. ఇంగ్లీషులో "నో, ఐ డోంట్" అనాలి. "యెస్" అని మొదలుపెడితే అర్థం తిరగబడుతుంది.

'ఇంటర్', 'బ్యాక్‌లాగ్స్', 'అవుట్ ఆఫ్ స్టేషన్' మన దగ్గరే చెల్లుతాయి. "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2023" అంటే చాలా దేశాల్లో స్పృహ తప్పి పడిపోయారని అర్థం. "ఐ గ్రాడ్యుయేటెడ్" అనండి.

స్పీకింగ్‌లో లేనిది ఉన్నట్టు చెప్పొచ్చా?

చెప్పినా మార్కులు తగ్గవు, వాళ్ళు చూసేది భాషని. కాకపోతే కల్పించుకుంటూ మాట్లాడేటప్పుడు బుర్ర రెండు పనులు చేయాలి, గ్రామర్ జారిపోతుంది.

యూనివర్సిటీ ప్రతిదాంట్లో 6.5 అడుగుతోంది. మూడింట్లో వచ్చింది, రైటింగ్‌లో 6. మళ్ళీ మొత్తం రాయాలా?

ముందు ఓవరాల్ లెక్క ఎలా వేస్తారో చూడండి. నాలుగింటి సగటు 6.25 అయితే 6.5కి, 6.75 అయితే 7కి పెంచుతారు. 6.125 అయితే 6 మాత్రమే. కానీ మీకు విడివిడిగా అడుగుతున్నారు కాబట్టి ఓవరాల్ ఎంత వచ్చినా ఆ 6 అడ్డమే.

రెండు దారులున్నాయి. మీరు బాగా రాశారన్న నమ్మకం గట్టిగా ఉంటే, ఆరు వారాల్లోపు రీవాల్యుయేషన్ అడగొచ్చు. బ్యాండ్ పెరిగితే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు. రెండోది వన్ స్కిల్ రీటేక్. కంప్యూటర్ మీద పరీక్ష రాసినవాళ్ళు, మొదటి పరీక్ష తేదీ నుంచి 60 రోజుల్లోపు, ఒక్క రైటింగ్ మాత్రమే మళ్ళీ రాయొచ్చు. అన్ని యూనివర్సిటీలూ దీన్ని ఒప్పుకోవు. డబ్బు కట్టేముందు అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.